ఇంటిగుట్టు అచ్చుకెక్కిన సూరత్

కవులు, పత్రికలవాళ్లు, నటులు తమలో తాము చెప్పుకునే మాటల్లో బయటికి రానివి చాలా ఉంటాయి. గురువుల నడత, ఇంట్లో ఆడవాళ్ల బతుకు, రాసేవాడి సొంత కోరికలు, భయాలు, వాటన్నిటికన్నా గుట్టుగా అతని అప్పులు. నలుగురిలో అనకూడదనుకున్న ఈ సంగతులను కాగితం మీద పెట్టే పని గుజరాతీ భాషలో పంతొమ్మిదో శతాబ్దం నడిమధ్యన మొదలయింది. ఆ పనికి పూనుకున్నవాళ్లలో ముఖ్యులు సూరత్ వాళ్లు. తాపీ నది ఒడ్డున ఉన్న ఈ ఊరిని తెలుగువాళ్లు చీరల ఊరుగా ఎరుగుదురు. నల్లగొండ, వరంగల్, కరీంనగర్ వైపు నుంచి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడి మరమగ్గాల మీద తరాలుగా పనిచేస్తున్నాయి. ఆ పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు పెట్టింది. ఊళ్లోని విశ్వవిద్యాలయం పేరు వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం. ఆ నర్మద్ రాజూ కాడు, సేనాపతీ కాడు. తన ఇంటి సంగతులను, తన చేతకానితనాన్ని, తన బాకీలను దాచుకోకుండా రాసిపెట్టిన కవి.

సూరత్‌లో తొలి మాట మాత్రం నర్మద్‌ది కాదు. అతనికి ముందు దుర్గారామ్ మంఛారామ్ మెహతా అనే బడిపంతులు ఉన్నాడు. 1809లో పుట్టిన ఈ నాగర బ్రాహ్మణుడు 1844 జూన్ 22న కొందరు స్నేహితులతో కలిసి మానవ ధర్మ సభను నెలకొల్పాడు. దుర్గారామ్, దాదోబా పాండురంగ్, దిన్‌మణిశంకర్, దామోదర్‌దాస్, దలపత్‌రామ్ అనే ఈ అయిదుగురి పేర్లూ ఒకే అక్షరంతో మొదలవుతాయి కాబట్టి ఊరు వాళ్లను అయిదు 'ద'లు అని పిలిచింది. సభలో మాట్లాడుకున్నవి కులం గురించి, విగ్రహపూజ గురించి, దయ్యాలను వదిలిస్తామనే మంత్రగాళ్ల గురించి, మళ్లీ పెళ్లికి నోచుకోని వితంతువుల గురించి. మంత్రగాళ్లను అందరి ముందుకు రమ్మని సవాలు చేశారు. దాదోబా 1846లో బదిలీ మీద ఊరు వదిలాడు, 1852లో దుర్గారామ్ రాజ్‌కోట్ వెళ్లాడు, సభ ఆగిపోయింది. దుర్గారామ్ దినచర్య ఆధారంగా మహీపత్‌రామ్ రూప్‌రామ్ నీల్‌కంఠ్ 1879లో అతని జీవితచరిత్ర వేశాడు. ఆ మహీపత్‌రామ్ కూడా సూరత్ వాడే. 1860లో సముద్రం దాటి ఇంగ్లండు వెళ్లినందుకు కులం అతన్ని వెలివేసింది. దుర్గారామ్ విషయంలో ఒక చేదు నిజమూ ఉంది. వితంతు వివాహం కోసం అంత వాదించిన మనిషి, భార్య పోయాక తాను మాత్రం కన్యనే పెళ్లాడాడు. తోటి సంస్కర్తలే దాన్ని తప్పుపట్టారు. సభలో నోరు విప్పడం ఒక ఎత్తు, అదే మాటను ఇంటి గడప లోపలికి తీసుకెళ్లడం మరో ఎత్తు అని సూరత్‌కు అప్పుడే తెలిసింది.

నర్మదాశంకర్ లాల్‌శంకర్ దవే 1833 ఆగస్టు 24న సూరత్‌లో పుట్టాడు. తండ్రి లాల్‌శంకర్ బొంబాయి కోర్టులో రాతపని చేసేవాడు. అందువల్ల పిల్లవాడి బాల్యం రెండు ఊళ్ల మధ్య గడిచింది. పదకొండేళ్లకే పెళ్లయింది. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ సంస్థలో చదువుతుండగా 1850లో తల్లి పోయింది. మనసు చదువు మీద నిలవలేదు. కాపురం పెట్టమని మామగారు కబురు పెట్టడంతో సూరత్‌కు తిరిగొచ్చి, 1852లో తాపీకి అవతలి ఒడ్డున ఉన్న రాందేర్ బడిలో నెలకు పదిహేను రూపాయల జీతానికి చేరాడు. మరుసటి ఏడే భార్య గులాబ్ చనిపోయింది. మళ్లీ బొంబాయి, మళ్లీ బడి ఉద్యోగం, 1856లో డాహీగౌరితో రెండో పెళ్లి. అప్పటికే అతను బొంబాయి విద్యార్థుల బుద్ధివర్ధక సభలో మాట్లాడుతున్నాడు. మండలిగా కూడడం వల్ల కలిగే లాభాల మీద 1851లో అతను చేసిన ప్రసంగాన్ని గుజరాతీ వ్యాసానికి ఆది అంటారు. మనుషులు కూడి మాట్లాడుకోవడం వల్ల ఏమి మేలు జరుగుతుందన్నది ఆ భాషలో తొలి వ్యాసానికి విషయం కావడం గమనించదగ్గ సంగతి.

1858 నవంబరు 23న నర్మద్ బడి ఉద్యోగం వదిలేశాడు. ఇకమీద కలమే తన ఆధారం అని నిశ్చయించుకున్నాడు. గుజరాతీలో అప్పటిదాకా కవి అంటే రాజుల చాటునో, మఠాల చాటునో, ఇంగ్లీషు దొరల చాటునో బతికేవాడు. పుస్తకం అమ్ముకుని ఇల్లు గడిపే మనిషి దాదాపు లేడు. కీర్తనకారుడిలా కథలు చెప్పి సంపాదిద్దామని కొంతకాలం అనుకున్నాడు, దానికోసం సంస్కృతమూ నేర్చాడు. అది సాగలేదు. కొడుకు ఉద్యోగం మానుకున్నాడని తెలిసి తండ్రి నొచ్చుకున్నాడు. ఆ తర్వాతి ఇరవై నాలుగేళ్లలో నర్మద్ రాసిన ప్రతి తెగువ మాట వెనక ఈ నిర్ణయం ఉంది. జీతం ఇచ్చే యజమాని లేకపోవడం వల్ల అతను అనగలిగాడు. ఆ యజమాని లేకపోవడం వల్లనే ఆకలి కూడా చూశాడు.

సంపాదన లేని ఆ తొలి ఏళ్లలోనే అతని ఎదుటికి పెద్ద తగాదా వచ్చింది. వల్లభాచార్య సంప్రదాయానికి చెందిన జదునాథ్‌జీ మహరాజ్ 1860లో సూరత్ నుంచి బొంబాయి వచ్చాడు. వితంతు వివాహం శాస్త్రానికి విరుద్ధమని అతని పట్టు. నర్మద్ బహిరంగ చర్చకు పిలిచాడు. ఆగస్టు 21న ఇద్దరూ జనం మధ్య ఎదురుపడ్డారు. చర్చ వితంతువుల నుంచి శాస్త్రాలు దైవవాక్కులా కావా అనే వైపుకు మళ్లి, రభసలో ముగిసింది. ఆ ఏడాది అక్టోబరు 21న నర్మద్ మిత్రుడు కర్సన్‌దాస్ మూల్జీ తన 'సత్యప్రకాశ్' పత్రికలో ఒక వ్యాసం వేశాడు. ఆ సంప్రదాయపు గురువులైన మహరాజులు భక్తుల ఇళ్ల ఆడవాళ్లతో సాగిస్తున్న వ్యవహారాన్ని అందులో పేరుపెట్టి రాశాడు. అది బొంబాయిలోని వర్తక కులాలన్నిటికీ తెలిసిన సంగతే. అచ్చులో చూడటం మాత్రం ఎవరికీ అలవాటు లేదు. కర్సన్‌దాస్‌కు ఇది కొత్త కష్టం కాదు. చదువుకునే రోజుల్లో వితంతు వివాహం మీద వ్యాసం రాస్తున్నాడని తెలిసి, పెంచిన బంధువురాలు అతన్ని ఇంటి నుంచి వెళ్లగొట్టింది.

జదునాథ్‌జీ యాభైవేల రూపాయలకు పరువునష్టం దావా వేశాడు. విచారణకు ముందే భాటియా కులపెద్దలు సమావేశమై, మహరాజుకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పినవాళ్లను వెలివేస్తామని కట్టడి చేశారు. కర్సన్‌దాస్ దాని మీద వేరే కేసు పెట్టాడు. అందులో ఇద్దరు పెద్దలకు వెయ్యి రూపాయల చొప్పున, మిగిలిన ఏడుగురికి అయిదువందల చొప్పున జరిమానా పడింది. అసలు విచారణ 1862 జనవరి 25న బొంబాయి సుప్రీంకోర్టులో మొదలయింది. రెండు పక్షాలవీ కలిపి అరవైమందికి పైగా సాక్షులు వచ్చారు. మహరాజుకు సుఖవ్యాధి ఉందని డాక్టర్ భావూ దాజీ కోర్టులో చెప్పాడు. ఒక వైద్యుడు, అదీ పేరున్న హిందువు, మతగురువు శరీరం గురించి బహిరంగ న్యాయస్థానంలో అలా మాట్లాడటం ఆ నగరం అంతకుముందు వినలేదు. ఏప్రిల్ 22న తీర్పు వచ్చింది. సాంకేతికంగా ఒక అంశం మీద జదునాథ్‌జీకి అయిదు రూపాయల నష్టపరిహారం దక్కింది. రాసింది నిజమేనన్న ప్రధాన అంశం మీద కర్సన్‌దాస్ గెలిచాడు. ఖర్చుల కింద 11,500 రూపాయలు అతనికి ఇప్పించారు. అతను పెట్టిన ఖర్చు అంతకన్నా ఎక్కువే. న్యాయం గెలిచినా రాసినవాడి జేబుకు చిల్లు పడిందన్నది ఈ కేసులో చాలామంది మరిచిపోయే భాగం.

నర్మద్ ఆ ధాటిని కొనసాగించాడు. 1864 సెప్టెంబరు 1న 'దాండియో' అనే పక్షపత్రిక మొదలయింది. రాత్రివేళ వీధుల్లో కర్ర తాటిస్తూ తిరిగే కాపలావాడి పేరు అది. గిరిధర్‌లాల్ దయాల్‌దాస్, నగీన్‌దాస్ మార్ఫతియా వంటి సూరత్ మిత్రులు తోడు నిలిచారు. పత్రిక భాష మొరటుగా, ముఖం మీద కొట్టినట్టుగా ఉండేది. ఊరి పెద్దల మీద, మఠాల మీద, సంస్కర్తలమని చెప్పుకుంటూ ఇంట్లో పాత పద్ధతే నడిపేవాళ్ల మీద అది ఒకే తీరున విరుచుకుపడింది. ఆ రోజుల్లో రాజమండ్రికి ఇంకా అలాంటి పత్రిక రాలేదు. వీరేశలింగం 'వివేకవర్ధని' 1874లో వచ్చింది. ఆ ఊరి కోర్టుల్లో లంచాల బాగోతాన్ని బయటపెట్టి అది కూడా అలాంటి పనే చేసింది. ఈ రెండు ఊళ్ల నడుమ ఉత్తరాలు నడిచినట్టు ఆధారం అక్కరలేదు. అచ్చుయంత్రం, ఇంగ్లీషు బడి, కులపంచాయితీ ఈ మూడూ ఒకచోట కూడిన ప్రతి పట్నంలోనూ ఇంచుమించు ఇదే జరిగింది.

నర్మద్ చేసిన పనుల్లో అన్నిటికన్నా తెగువైనది జనం కంటబడనిది. 1866లో, ముప్ఫై మూడేళ్ల వయసులో, 'మారీ హకీకత్' పేరుతో తన జీవితం రాసుకున్నాడు. గుజరాతీలో తొలి ఆత్మకథల్లో అది ఒకటి. ప్రారంభంలోనే తన నియమం చెప్పుకున్నాడు. ఇది అసంపూర్తి చిత్తుప్రతి, కొన్ని సంగతులు రాస్తే తనకూ ఇతరులకూ ఇప్పుడు చిక్కు కాబట్టి వాటిని వదిలేస్తున్నాను, రాసినవి మాత్రం తనకు మంచి తెచ్చినా చెడు తెచ్చినా నిజాలే అన్నది దాని సారాంశం. నిజం చెప్పేవాడు ఏది వదిలేశాడో కూడా చెప్పడం నిజాయితీలో భాగమని అతను గ్రహించాడు. తర్వాత ఆత్మకథలు రాసిన ఎందరో ఈ మెట్టు ఎక్కలేదు.

ఆ పుస్తకంలో వీరుడు కనిపించడు. చీకటికి దడిసే పిల్లవాడు కనిపిస్తాడు. మూఢనమ్మకాలను నమ్మి, మొక్కులు మొక్కి, తర్వాత వాటినే ఎదిరించిన యువకుడు కనిపిస్తాడు. స్త్రీ తోడు మీద మనసు పోయి చదువు చెడిందని రాశాడు. కవి దలపత్‌రామ్‌తో (అయిదు 'ద'లలోని దలపత్‌రామ్ వేరు) తనకున్న పోటీని, అందులోని అసూయను దాచలేదు. ఆనాటి కవుల మధ్య పోటీ ఎంత తీవ్రంగా ఉండేదో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం గుజరాతీలో లేదు. ఇవన్నీ ఒక ఎత్తు. రాబడి, ఖర్చు, ఏ పుస్తకానికి ఎంత పట్టింది, ఎవరి దగ్గర అప్పు తెచ్చాడు, ఎవరు సాయం చేశారు అని లెక్కలు రాసిపెట్టడం మరో ఎత్తు. కోరికల గురించి చెప్పిన రచయితలు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. తన జమాఖర్చులు పాఠకుడి ముందు పెట్టినవాళ్లు చాలా తక్కువ. డబ్బు ముట్టుకుంటే కవిత్వానికి మైల అన్న భావన అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆ భావన వల్ల ఎవరికి లాభమో చూస్తే, అది రచయితకు కాదని ఎవరికైనా తెలుస్తుంది.

ఈ పుస్తకాన్ని అతను అమ్మకానికి పెట్టలేదు. దగ్గరి మిత్రుల కోసం చాలా కొద్ది ప్రతులు మాత్రం వేయించాడు. అందరికీ అందేలా అది అచ్చయింది 1933లో, అతని శతజయంతి ఏడాది. అప్పటికి గాంధీ ఆత్మకథ వచ్చి కొన్నేళ్లయింది. గాంధీ తన కోరికల గురించి, పిరికితనం గురించి చెప్పుకున్న మాటలను గుజరాతీ పాఠకులు ముందు చదివి, ఆయనకు అరవై ఏళ్ల ముందే సూరత్ కవి రాసిన మాటలు తర్వాత చదివారు.

ఇంటి లోపలి కథ ఇంకా క్లిష్టం. నర్మద్ దిక్కులేని వితంతువులకు ఆశ్రయం ఇచ్చాడు. కులం అతన్ని వెలివేసింది. 1869లో నర్మదాగౌరి అనే వితంతువును పెళ్లాడి, తాను ప్రచారం చేసిన మాటను తన మీదనే అమలు చేశాడు. దుర్గారామ్ దాటలేని గడపను ఆ పెళ్లితో దాటాడు. మరుసటి ఏడాది కొడుకు జయశంకర్ పుట్టాడు. కానీ అప్పటికి ఇంట్లో డాహీగౌరి ఉంది. సంస్కర్త ఇల్లు రెండు భార్యల ఇల్లయింది. వితంతువుకు న్యాయం చేసే పనిలో మొదటినుంచీ కాపురం చేస్తున్న ఆమెకు ఏమి మిగిలింది అన్న ప్రశ్నను అతని స్నేహితులు అడగలేదు. నర్మద్ మాత్రం డాహీగౌరితో జరిగిన మాటలను కాగితం మీద రాసుకున్నాడు. ఆమె అయిష్టం, తన వాదన, ఆమె ఇచ్చిన ఒప్పుకోలు అందులో ఉన్నాయి. ఆ కాగితాలు ఆత్మకథ తర్వాతి సంపుటాల్లో చేరాయి. ఆమె మాట మనకు దొరికేది భర్త కలం ద్వారానే. సూరత్ సంస్కరణ చరిత్రలో ఇంతకన్నా పెద్ద లోటు లేదు. వితంతువుల కోసం రాసిన పుటలు లెక్కకు మిక్కిలి ఉండగా, ఆ ఇళ్లలోని ఇల్లాళ్లు తమ చేత్తో రాసుకున్నది దాదాపు శూన్యం.

తెలుగునాట దీనికి సరిపోల్చదగిన పేరు రాజ్యలక్ష్మమ్మ. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు వంటవాళ్లు, నీళ్లు తెచ్చేవాళ్లు పని మానేశారు. గోదావరి నుంచి నీళ్లు మోసి, పెళ్లివారికి వండిపెట్టింది ఆయన భార్య. ఖర్చులకు కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బిచ్చాడు. వీరేశలింగం స్వీయచరిత్రలో ఆమె ప్రస్తావన గౌరవంగానే ఉంది. ఆమె సొంత గొంతు మాత్రం అక్కడా వేరే మనిషి రాతలోనే వినాలి. కాకపోతే ఒక తేడా ఉంది. రాజమండ్రిలో ఇల్లాలు భర్త ఉద్యమంలో పనిమనిషిగానూ తోడుగానూ నిలిచింది. సూరత్‌లో ఇల్లాలి కాపురమే ఉద్యమానికి వేదిక అయింది.

డబ్బు కథకు మళ్లీ రావాలి. అమెరికా అంతర్యుద్ధం వల్ల 1861 నుంచి పత్తి ధర ఆకాశానికి ఎక్కింది. బొంబాయిలో వాటాల పిచ్చి పట్టింది. ఆ వ్యాపారంలో అందరికన్నా ఎత్తుకు ఎదిగిన ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ పుట్టింది సూరత్‌లోనే. సంస్కర్తలకు, కవులకు చందాలు ఇచ్చిన సేఠులు ఈ డబ్బుతోనే ఇచ్చారు. 1865లో యుద్ధం ముగిసింది, పత్తి ధర పడిపోయింది, జులైలో బొంబాయి వాటాల బజారు కూలింది. పోషకులు దివాలా తీశారు. నర్మద్ సరిగ్గా అప్పుడే పెద్ద పనులు నెత్తికెత్తుకుని ఉన్నాడు. సూరత్ గోపీపురా దగ్గర ఆమ్లీరాన్ వీధిలో 'సరస్వతీ మందిర్' అనే ఇల్లు కట్టించుకున్నాడు. దాంతోపాటు ఒంటిచేత్తో గుజరాతీ నిఘంటువు 'నర్మకోశ్' కూరుస్తున్నాడు. ఏళ్ల తరబడి భాగాలుగా నడిచి, ఆ నిఘంటువు 1873లో పూర్తిగా వెలువడింది. ఒక ప్రభుత్వ సంస్థో, పండితుల మండలో చేయవలసిన పనికి ఒక కవి అప్పు చేశాడు. ఆ గ్రంథానికి ముందుమాటగా రాసిన గీతాన్ని గుజరాత్ ఇప్పుడు రాష్ట్రగీతంగా పాడుకుంటోంది. అతని పుట్టినరోజును గుజరాతీ భాషాదినంగా జరుపుకుంటోంది.

1882లో అతను ఓడిపోయాడు. బొంబాయిలో గోకుల్‌దాస్ తేజ్‌పాల్ ధర్మసంస్థ వ్యవహారాలు చూసే ఉద్యోగానికి ఒప్పుకున్నాడు. కలం తప్ప వేరే కొలువు చేయనని పట్టిన పట్టు ఇరవై నాలుగేళ్లకు వదిలింది. ఈ వేదన అతన్ని కుంగదీసింది. 1886 ఫిబ్రవరిలో, యాభై మూడేళ్లు నిండకుండానే పోయాడు.

చివరి ఏళ్లలో అతను మరో నిషిద్ధాన్ని దాటాడు. తన పాత సంస్కరణ భావాల్లో చాలావాటిని వదులుకుంటున్నానని బాహాటంగా ప్రకటించాడు. 1885లో వచ్చిన 'ధర్మవిచార్' వ్యాసాలు సనాతన పక్షం వైపు మొగ్గాయి. పాత మిత్రులు దాన్ని ద్రోహమన్నారు. ఆ మార్పును సమర్థించడం కష్టం. వితంతువుల దుఃఖం 1860లో ఎంత నిజమో 1885లోనూ అంతే నిజం. అయినా ఒకటి ఒప్పుకోవాలి. పేరున్న రచయిత తన అభిప్రాయం మారితే ఆ సంగతి చెప్పకుండా పాత పేరు మీద బతికేయడం మామూలు. నర్మద్ ఆ దాపరికానికి దిగలేదు. పాత రాతలను మాయం చేయలేదు, కొత్తవాటిని వాటి పక్కనే ఉంచాడు.

తెలుగులో ఈ దారి వేరువేరు పాయలుగా సాగింది. 1892లో విజయనగరంలో ఆడిన 'కన్యాశుల్కం' పిల్లలను అమ్ముకునే ఇళ్లను రంగస్థలం మీదికి తెచ్చింది. 1927లో చలం 'మైదానం' స్త్రీ కోరికను నవలకు కేంద్రం చేసింది. పుస్తకాలు అమ్ముకుని బతకడం ఎంత కష్టమో 1950లలో శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి తన 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ'లో విప్పి చెప్పాడు. నర్మద్ లెక్కల పుస్తకానికి తెలుగులో నిజమైన జోడు అదే. ఆడవాళ్లు తమ శరీరం గురించి తామే రాసుకున్న కవితలు 1980లలో వచ్చాయి. కొండేపూడి నిర్మల ప్రసవం గదిని, పాటిబండ్ల రజని గర్భస్రావాన్ని కవితకు వస్తువు చేశారు. 1993లో 'నీలిమేఘాలు' సంకలనం వాటిని ఒకచోట చేర్చింది. వీరేశలింగం ఇంట్లో, నర్మద్ ఇంట్లో వినబడని గొంతు నూరేళ్ల తర్వాత ఇక్కడ నేరుగా పలికింది.

ఈ తగాదాలు పాత కాగితాలకే పరిమితం కాలేదు. జదునాథ్‌జీ దావా కథ ఆధారంగా సౌరభ్ షా గుజరాతీలో నవల రాశాడు. దాన్నుంచి తీసిన హిందీ సినిమా 'మహారాజ్' 2024 జూన్‌లో విడుదల కావలసి ఉండగా, సంప్రదాయ భక్తులు కొందరు గుజరాత్ హైకోర్టుకు వెళ్లారు. జూన్ 13న కోర్టు విడుదల ఆపింది. న్యాయమూర్తి సినిమా చూసి, అందులో సంప్రదాయాన్ని కించపరిచేది లేదని తేల్చి, జూన్ 21న అడ్డు తొలగించారు. 1862లో తేలిన సంగతిని సినిమాగా చూపడానికి 162 ఏళ్ల తర్వాత మళ్లీ కోర్టు అనుమతి అక్కరపడింది.

హైదరాబాద్ సినీరంగంలో నోరు విప్పడం ఇంకో తీరున నడిచింది. అవకాశాల ఆశ చూపి ఆడవాళ్లను వేధిస్తున్నారంటూ 2018 ఏప్రిల్‌లో ఒక నటి ఫిల్మ్ ఛాంబర్ ముందు నిరసనకు దిగింది. జాతీయ మానవ హక్కుల సంఘం తెలంగాణ ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. 2019లో ప్రభుత్వం వేసిన కమిటీ 2022లో నివేదిక ఇచ్చింది. కేరళ సినీరంగం మీద జస్టిస్ హేమ కమిటీ ఇచ్చిన నివేదిక 2024 ఆగస్టులో బయటికి వచ్చాక, తెలంగాణ నివేదికను కూడా ప్రచురించాలని నటి సమంత కోరారు. ఇక్కడ ఒక తేడాను స్పష్టంగా చూడాలి. పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 నాటి చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలి. అంతకన్నా చిన్నవాటికి జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. మూడు నెలల్లో ఫిర్యాదు చేయాలి. ఫిర్యాదు చేసిన మనిషి పేరు, విచారణ వివరాలు బయటపెట్టడాన్ని ఆ చట్టం నిషేధిస్తుంది. బలహీనులను కాపాడే గోప్యత అది. బలవంతుల నడతను కప్పిపుచ్చే మౌనంతో దాన్ని కలిపేయకూడదు. సమంత కోరింది రెండోదాన్ని తొలగించమని, మొదటిదాన్ని కాదు. ఇతరులకు చిక్కు తెచ్చేవి రాయనని నర్మద్ పెట్టుకున్న నియమం కూడా ఈ తేడాను గుర్తించిందే.

డబ్బు విషయంలో దాపరికం ఇంకా గట్టిగా ఉంది. మరమగ్గం కార్మికుడికి మీటరుకు ఇంత అని కూలి అందరికీ తెలుస్తుంది. తెలుగు సినిమా కార్మికులు 2025 ఆగస్టులో 30 శాతం పెంపు అడిగి సమ్మె చేసినప్పుడు వాళ్ల రోజుకూలి వార్తాపత్రికల్లో చర్చకు వచ్చింది. పాట రాసినవాడికి, కథ రాసినవాడికి ఎంత ముట్టిందో మాత్రం పక్కవాడికి తెలియదు. తెలియదు కాబట్టి బేరం ఆడే బలం ఉండదు. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ ఈ చోటే పట్టుకుంది. సినిమాలో వాడిన పాట ఆ సినిమాతో పాటు హాల్లో కాక రేడియోలోనో, టీవీలోనో, మరెక్కడో వినబడితే వచ్చే రాబడిలో రచయితకు, సంగీతకర్తకు హక్కుదారుతో సమానవాటా ఉంటుంది. ఆ వాటాను తమ వారసులకో, తమ కాపీరైట్ సంఘానికో తప్ప ఇంకెవరికీ వాళ్లు రాసివ్వలేరు. రాసిచ్చినట్టు సంతకం పెట్టించుకున్నా ఆ ఒప్పందం చెల్లదు.